చప్పుడు లేని ఎడమ సిగ్నల్

వెనక వస్తున్న మోటారుసైకిలు ఎడమ సిగ్నల్ కొట్టుకుంటున్న వేగం చూసి మందుల షాపు ఆవిడకు ముచ్చెమటలు పోశాయి.

“మేడమ్, అద్దంలో ఏదో అదురుతోంది,” అన్నది ఆవిడ. ఈత రానివాళ్ళు గట్టును పట్టుకున్నట్టు స్టీరింగును పట్టుకుని ఉంది.

పక్క సీట్లోని డ్రైవింగ్ టీచరు తల తిప్పి చూసింది. మలుపు తిరగబోయే మనిషి ఆ సంగతిని వెనకవాళ్ళకు నిదానంగా, మర్యాదగా తెలియజేయడానికి ఏర్పడిన దీపం అది. ఈ దీపం మాత్రం కొంప మునిగిందని ఊరంతటికీ చాటుతున్నట్టు వెలిగి ఆరుతోంది. పట్టించుకోకుండా ముందుకు పొమ్మని టీచరు చెప్పబోయేలోగా ఆవిడ రెండు కాళ్ళూ కలిపి బ్రేకు మీద నిలబడింది. కారు ఆగింది. మోటారుసైకిలూ ఆగింది, కాకపోతే కారు బంపరును తాకిన తరువాత.

టీచరు దిగింది. రోడ్డు మీద తప్పు చేసినవాళ్ళతో మాట్లాడటంలో ఆమెకొక పద్ధతి ఉంది. గొంతు పెంచదు. మాటలను తూచి, ఒక్కొక్కటిగా, ఎదుటి మనిషి ముందు వరుసగా పేర్చిపెడుతుంది. దీనికన్నా నాలుగు కేకలు వేసినా బాగుండేదని ఆ పద్ధతికి గురైనవాళ్ళు చెప్పుకునేవారు.

బండి మీది యువకుడు హెల్మెట్ తీశాడు. అతని కుడి కంటి చుట్టూ గుండ్రటి ఎర్రటి నొక్కు ఉంది. బజారులో గడియారాలు బాగుచేసే దుకాణం అతనిదనీ, కంటికి భూతద్దం బిగించుకుని పనిచేసేవాళ్ళకు ఆ గుర్తు సహజమనీ ఆమెకు తరువాత తెలిసింది. అప్పటికి మాత్రం అతన్ని ఎవరో కొట్టారనీ, కొట్టినవాళ్ళకు తగిన కారణం ఉండే ఉంటుందనీ అనుకుంది.

“ఆ సిగ్నల్‌కి ఏమొచ్చింది?”

“అదే తెలియడం లేదండీ. కొత్తగా ఎల్ఈడీ లైట్లు వేయించాను. అప్పట్నుంచీ జ్వరమొచ్చినవాడి నాడిలా కొట్టుకుంటోంది. దాని లయ తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.”

“మీ నిద్ర సంగతి తరువాత. మా స్టూడెంటుకి ఈ వారమంతా పట్టదు.”

తరువాత ఆమె అతనికి విషయం విడమరిచి చెప్పింది. పాత బల్బు కరెంటును ఆవురావురుమంటూ తాగుతుంది, ఎల్ఈడీ చుక్కతో సరిపెట్టుకుంటుంది. దీపాన్ని వెలిగించి ఆర్పే రిలే అనే చిన్న డబ్బా సీటు కింద ఉంటుంది. దానికి పాత బల్బుల ఆకలే అలవాటు. కరెంటు తక్కువగా పోతున్నదంటే ఒక బల్బు మాడిపోయిందనుకుని, నడిపే మనిషిని హెచ్చరించడానికి వేగం పెంచుతుంది. ఎల్ఈడీలకు తగిన రిలే పెడితే కుదుటపడుతుంది.

అతను అంతా విని, బండివైపు జాలిగా చూశాడు. “అయితే పాపం, ఇన్నాళ్ళూ దిగులు పడుతోందన్నమాట.”

“దిగులు కాదు. దానికి అందింది తప్పుడు సమాచారం,” అన్నది టీచరు.

సిగ్నళ్ళ విషయంలో ఆమెకు అంత పట్టింపు ఉండటానికి వృత్తి ఒక్కటే కారణం కాదు. కొన్నేళ్ళ క్రితం ఒక కాలేజీ లెక్చరరు ఆమె దగ్గర పుస్తకాలు అరువు తీసుకుపోయేవాడు. తిరిగి ఇచ్చేటప్పుడు పేజీల మధ్య పూలరేకులు ఉండేవి. మాటల చివర నిట్టూర్పులుండేవి, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూడటాలుండేవి. ఒక ఏడాదిపాటు మనిషి అటూ తిరగలేదు, ఇటూ తిరగలేదు. చివరికి ఆఖరి పుస్తకంతోపాటు తన పెళ్ళి శుభలేఖ తెచ్చి ఇచ్చి, మీరు తప్పకుండా రావాలన్నాడు. నేనేమన్నా మీకు మాటిచ్చానా అని అడిగితే జవాబు లేదని అతనికి తెలుసు. మాట ఇవ్వకుండా ఆశ పెట్టడంలో కొందరు మగవాళ్ళకు ఉన్న ప్రావీణ్యం ఏ విశ్వవిద్యాలయంలోనూ నేర్పరు. పుట్టుకతో రావలసిందే. ఆ రోజునుంచీ నోటితో చెప్పని దేనినీ నమ్మకూడదనీ, మళ్ళీ అలా మోసపోతే ఆ తప్పు ఎదుటివాడిది కాదు, తనదేననీ ఆమె తీర్మానించుకుంది.

రిలే తానే మార్చుకుంటానన్నాడు గడియారాల యువకుడు. వెంట్రుకంత స్ప్రింగులు అమర్చే చేతికి ఆ డబ్బా ఒక లెక్కా అన్నాడు. ‘ఒక లెక్కా’ అనే మగవాళ్ళను టీచరు చాలామందిని చూసింది. అందుకని ఆదివారం ఉదయం డ్రైవింగ్ స్కూలు ఆవరణలోకి వచ్చి, తన కళ్ళెదుటే ఆ పని చెయ్యమంది. బాగుపడని బండిని తన స్టూడెంట్ల వెనక తిరగనివ్వనని చెప్పింది.

స్కూలు కింద, ఇల్లు పైన. ఆదివారం బాల్కనీలో అమ్మ, నాన్న, అమ్మమ్మ కాఫీలతో సహా హాజరయ్యారు. ఎవరే ఆ అబ్బాయి అని అమ్మ అడిగింది. బంపరు గీసిన మనిషి అని టీచరు జవాబు చెప్పింది. ఆ క్షణం నుంచీ ఆ ఇంట్లో అతని పేరు బంపరబ్బాయి.

అతను సీటు ఊడదీసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, రబ్బరు తొడుగులోంచి పాత రిలేను బయటకు లాగాడు. రెండు కాళ్ళ నల్లటి డబ్బా. కొత్తదాన్ని దాని స్థానంలో గుచ్చి, వైరు తిరిగి బిగించి, ఆత్మవిశ్వాసంతో స్విచ్చు నొక్కాడు. ఏమీ వెలగలేదు. కుడికి నొక్కినా అంతే.

“ఒక లెక్కా అన్నారు,” అన్నది టీచరు.

“అన్నానండీ. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.”

ఆమెకు నవ్వు వచ్చింది. అన్న మాటను వెనక్కి తీసుకునే మగవాడిని ఆమె చూసి చాలాకాలమైంది. కొత్త రిలేను తిరగేసి గుచ్చితే పనిచెయ్యదనీ, బ్యాటరీ నుంచి వచ్చే వైరు ఏ కాలికి, దీపాలకు పోయేది ఏ కాలికి అన్నది దాని మీదే రాసి ఉంటుందనీ చూపించింది. అతను వైర్లు మార్చి గుచ్చాడు. ఈసారి ఎడమ దీపాలు రెండూ పెద్దమనుషులు తలాడించినట్టు నిదానంగా వెలిగి, నిదానంగా ఆరాయి.

అతని ముఖం విప్పారింది. అంతలోనే వంగి, సీటు కింద చెవి పెట్టి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

“ఇది మాట్లాడదేంటండీ? పాతది టిక్కు టిక్కుమనేది.”

“మాట్లాడటం దాని పని కాదు.”

“అయినా బతికుందో లేదో తెలియాలి కదండీ,” అని సీటు బిగించాడు. పైనుంచి అమ్మ కాఫీ తాగి వెళ్ళమంది. అతను చేతులకు గ్రీజు ఉందన్నాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళున్నాయని అమ్మమ్మ గుర్తుచేసింది. అయినా అతను ఎర్రబడి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం అసలు కథ మొదలైంది.

దుకాణం కట్టేసే వేళకు బంపరబ్బాయి మోటారుసైకిలు వాళ్ళ వీధిలోకి వచ్చింది. ఎడమ సిగ్నల్ వెలుగుతోంది. వీధికి ఎడమవైపున వాళ్ళ ఇల్లు. లోపలికి వస్తున్నాడనుకుని అమ్మ కొప్పు సర్దుకుంది. బండి గేటు దగ్గర నెమ్మదించింది. అతను తలెత్తి బాల్కనీవైపు ఒక్కసారి చూశాడు. ఆ తరువాత తిన్నగా ముందుకు వెళ్ళిపోయాడు, ఎడమ దీపం అలాగే వెలిగి ఆరుతుండగా.

మంగళవారం కూడా అంతే. బుధవారం కూడా అంతే.

ఆ ఇంట్లో ఈ విషయం మీద చర్చ జరిగింది. రిటైరైన భూమి సర్వేయరు కాబట్టి నాన్నకు ఊహాగానాలు నచ్చవు. ఎడమ అంటే ఎడమేనన్నాడు. ఆ వైపున ఉన్నవి మూడు: తమ ఇల్లు, టైలరు ఇల్లు, కరెంటు ట్రాన్స్‌ఫార్మరు. టైలరుకు కూతుళ్ళు లేరు. కాబట్టి విషయం తేలిపోయిందన్నాడు. అమ్మ అతను బిడియస్తుడని వాదించింది. పోతూ పోతూ దీపం వెలిగించి చూపేవాడిది బిడియం కాదు, పిరికితనమని నాన్న అన్నాడు.

“మీ మామగారికన్నా నయమే, అల్లుడూ,” అన్నది అమ్మమ్మ. “ఆయన నన్ను చూడ్డానికి వచ్చి, ఇల్లు తప్పి, పక్కింట్లో కూర్చుని ఫలహారం కూడా తిన్నాడు. అయినా కాపురం చెయ్యలేదూ? ముందు వీడు బండి దిగనీ. ఎక్కడ దిగితే ఏం?”

టీచరు ఈ చర్చలో పాల్గొనలేదు. ఆమెకు కోపంగా ఉంది. ఆ కోపం ఎవరి మీదన్నది మాత్రం ఆమె తనకు కూడా స్పష్టంగా చెప్పుకోలేదు. నోటితో చెప్పని దేనినీ నమ్మకూడదన్న తీర్మానం చెక్కుచెదరలేదు. కాకపోతే సరిగ్గా ఆ వేళకే బాల్కనీలో గులాబీ కుండీలకు నీళ్ళు పోయవలసిన అవసరం కలిగేది. వానపడిన రోజు కూడా కలిగింది. చేతిలో చెంబు పట్టుకుని, చినుకుల్లో తడుస్తున్న మొక్కల మీద ఆమె శ్రద్ధగా నీళ్ళు పోస్తుంటే, కింద రెయిన్‌కోటులో పోతున్న అతను తలెత్తి చూసి, ఎదురుగా ఉన్న స్తంభాన్ని చివరి క్షణంలో తప్పించుకున్నాడు.

కొన్నాళ్ళకు గులాబీల ఆకులు పసుపుపచ్చగా మారాయి. “ఏమే, వేళ్ళు కుళ్ళిపోతున్నాయి. ఇక చాలు, లోపలికి రా,” అన్నది అమ్మ. ఆ మాటలో మొక్కల మీద ఉన్న సానుభూతి తక్కువ.

ఆ రాత్రి ఆమె పుస్తకాల అరలోంచి ఒక పుస్తకం తీసి విదిలించింది. ఎండిన రేకు ఒకటి రాలింది. ఒకసారి మోసపోవడం అనుభవలేమి, రెండోసారి మోసపోవడం తెలివితక్కువతనం. ఈ మనిషి చెబితే చెప్పాలి, లేదా ఆ దీపం ఆర్పి తన దారిన పోవాలి. ఈ రెండింటి మధ్య ఇంకో ఏడాది నిలబడటానికి ఆమె సిద్ధంగా లేదు.

ఆ తరువాతి శుక్రవారం సన్నటి జల్లు పడుతోంది. గేటు మూసి ఉండబట్టే అబ్బాయి తిరగలేకపోతున్నాడేమోనని అమ్మ కొత్త సందేహం లేవదీసింది. అది శాస్త్రీయంగా పరీక్షించదగిన విషయమని నాన్న ఒప్పుకున్నాడు. గొడుగు వేసుకుని కిందికి దిగి, గేటు రెక్కలు రెండూ బార్లా తెరిచి, ఒక రెక్కను తన చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే మందుల షాపు ఆవిడ సాయంత్రం క్లాసుకు వచ్చి, వీధిలో ఆగి ఉన్న కారులో డ్రైవింగ్ సీటులో కూర్చుంది. పక్కన టీచరు.

మోటారుసైకిలు వచ్చింది. ఎడమ సిగ్నల్ వెలుగుతోంది. నాన్న రమ్మన్నట్టు చెయ్యి కూడా చాచాడు. బంపరబ్బాయి ఆయనకు ఎంతో గౌరవంగా తల వంచి నమస్కరించి, తిన్నగా వెళ్ళిపోయాడు.

తెరిచిన గేటు దగ్గర వానలో గొడుగుతో నిలబడిన తండ్రిని చూస్తే టీచరుకు గుండె మండింది. తనను ఒకడు వెర్రిదాన్ని చేశాడు, సరే. ఈ బండి మనిషి ఇల్లంతటినీ వెర్రివాళ్ళను చేస్తున్నాడు.

“ఆ బండి వెనకే పోనివ్వండి,” అన్నది.

“ఓవర్‌టేక్ చెయ్యాలా మేడమ్?” అని ఆవిడ వణికింది.

“అక్కర్లేదు. తప్పిపోకుండా చూడండి, చాలు.”

మందుల షాపు ఆవిడ అంతవరకు మూడో గేరు ముఖం చూసి ఎరగదు. ఆ రోజు చూసింది. వీధి చివర మలుపు దగ్గర బంపరబ్బాయి అద్దంలో స్కూలు కారును గుర్తుపట్టాడు. పాత అనుభవం వల్ల బండిని జాగ్రత్తగా పక్కకు తీసి, దారి ఇచ్చాడు. కారు దారి తీసుకోలేదు. అతని వెనకే, రోడ్డు నడిమధ్యన, గట్టిగా ఊగి ఆగిపోయింది.

టీచరు జల్లులోనే దిగి నడిచింది.

“మీరిప్పుడు ఎటు వెళ్తున్నారు?”

“కుడివైపండీ.”

“మరి ఆ ఎడమ దీపం ఎవరికోసం వెలుగుతోంది?”

అతను వంగి చూశాడు. ముఖంలో రక్తం ఇంకిపోయింది. స్విచ్చు నొక్కి దీపం ఆర్పాడు.

తరువాత అతను చెప్పింది ఇది. రోజంతా అతనికి చెవులతోనే పని. కన్ను భూతద్దంలో ఉంటుంది, గడియారం నడుస్తోందో ఆగిందో చెవి చెబుతుంది. బండి మీద కూడా అదే అలవాటు. పాత రిలే టిక్కుటిక్కుమంటున్నంతసేపూ సిగ్నల్ వెలుగుతున్నట్టు లెక్క. మలుపు తిరిగాక ఆ చప్పుడు వినబడితే స్విచ్చు ఆపేవాడు. మీటరులో సిగ్నల్‌ను చూపే పచ్చదీపం మీది గాజు ఎప్పుడో ఎండకు మసకబారింది కాబట్టి అటు చూసే అలవాటే లేదు. కొత్త రిలేకు చప్పుడు లేదు. వినబడటం లేదు కాబట్టి ఆపేశాననే అనుకున్నాడు. బజారు మొగలో ఎడమకు తిరిగేటప్పుడు వేసిన దీపం, వీధి చివర కుడికి నొక్కేదాకా, వీధంతా వెలుగుతూనే వచ్చింది.

“రోజూనా అండీ?” అని అతనే అడిగాడు, భయంభయంగా.

“రోజూ.”

టీచరు చెవులు వేడెక్కాయి. సర్వేయరు గారి తర్కం, అమ్మ కొప్పు, అమ్మమ్మ ఆశీస్సులు, కుళ్ళిన గులాబీలు, ఇవన్నీ ఒక మనిషి ఆపడం మరిచిపోయిన స్విచ్చు మీద నిలబడ్డాయి. లెక్చరరు కనీసం ఆశ పెట్టాలనుకుని పెట్టాడు. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోలేదు. చప్పుడు చేసే రిలేలు కూడా దొరుకుతాయనీ, రేపే మార్చుకోమనీ పొడిగా చెప్పి ఆమె కారువైపు తిరిగింది.

రెండడుగులు వేసి ఆగింది. ఊళ్ళోని ప్రతి వీధినీ స్టూడెంట్లచేత తిప్పించిన మనిషి ఆమె. కోపంలో ఉన్నా, సిగ్గులో ఉన్నా ఊరి పటం బుర్రలో తెరుచుకునే ఉంటుంది.

“మీ ఇల్లెక్కడ?”

“స్టేషను వెనకండీ.”

“బజారు నుంచి స్టేషనుకి కుడివైపు కదా తిరగాలి.”

“అవునండీ.”

“మీరు ఎడమకి తిరిగి మా వీధిలోకి ఎందుకొస్తున్నారు?”

“అటు రోడ్డు తవ్వారండీ.”

“నేను పొద్దున క్లాసు అటే తీసుకెళ్ళాను. ఎక్కడ తవ్వారు?”

అతను హెల్మెట్ తీసి బండి మీద పెట్టాడు. జుట్టు మీద చినుకులు పడుతున్నాయి. “తవ్వలేదండీ,” అన్నాడు. “మీరు బాల్కనీలో ఉంటారని వస్తున్నాను.”

ఆ మాట చాలామంది ఆడపిల్లలకు చాలి ఉండేది. ఆమెకు చాలలేదు. చాలకపోవడానికి ఆమెకు హక్కుంది.

“ఇది కూడా సగం మాటే. సగం మాటలతో నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. ఇంకోసారి పోగొట్టుకోలేను. మీరు ఏదైనా చెప్పదలుచుకుంటే పూర్తిగా చెప్పండి. లేకపోతే రేపట్నుంచి స్టేషను దారినే వెళ్ళండి.”

ఎన్ని గడియారాలను విప్పి కూర్చినవాడైనా ఆ మాటను కూర్చడానికి అతనికి కొంత సమయం పట్టింది. కానీ కూర్చాడు.

“మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది. ఆ ఆదివారం నా చేతులకి గ్రీజు లేకపోయినా పైకి వచ్చుండేవాణ్ణి కాదు. భయం వేసింది. మీకు ఇష్టం లేదంటే మళ్ళీ మీ వీధిలోకి రాను. ఉందంటే మా అమ్మని తీసుకుని వచ్చి మీ వాళ్ళని అడుగుతాను. ఇంతకంటే నా దగ్గర దాచింది ఏమీ లేదండీ.”

వెనక హారన్లు మోగుతున్నాయి. దారికి అడ్డంగా కారు నిలపకూడదని ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన టీచరుకు అవి వినబడలేదు. ఆమె, “ఆ గులాబీలకి అన్ని నీళ్ళు అక్కర్లేదు,” అన్నది.

అతను అర్థంకాక చూశాడు. “ఏ గులాబీలండీ?”

అప్పుడామెకు తెలిసింది, తానిప్పుడు ఏం చేసిందో. చెంబు పట్టుకుని రోజూ బాల్కనీలో నిలబడిన మనిషి, ఎదుటివాడు నోరు విప్పలేదని మండిపడింది. అడిగినప్పుడు కూడా పూలరేకుల భాషలోనే మాట్లాడింది. అవతలివాళ్ళకు పెట్టిన నియమం తనకూ వర్తిస్తుంది. వర్తించకపోతే అది నియమం కాదు, దబాయింపు.

“నాకూ ఉంది,” అన్నది స్పష్టంగా. “మిమ్మల్నే చేసుకోవాలని. ఆ వేళకి నేను బాల్కనీలోకి వచ్చింది మీకోసమే.”

అతను నవ్వలేదు. చేతిలో ఏదో సున్నితమైన వస్తువు పెట్టినట్టు కదలకుండా నిలబడ్డాడు. “ఇంకోసారి చెప్తారా, హారన్లలో సరిగ్గా వినబడలేదు,” అన్నాడు. వినబడిందని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె ఇంకోసారి చెప్పింది.

హారన్లు ఎప్పుడు ఆగిపోయాయో వాళ్ళు గమనించలేదు. ఆమె వెనక్కి తిరిగేసరికి రోడ్డు నడుమ కారు లేదు. పక్కగా, కాలిబాటకు జానెడు దూరంలో, గీత గీసినట్టు నిలిపి ఉంది. స్టీరింగు వెనక మందుల షాపు ఆవిడ నిటారుగా కూర్చుని ఉంది.

“అద్దం చూసుకుని, సిగ్నల్ వేసి, ఒక్కదాన్నే పక్కకి తీశాను,” అన్నది ఆవిడ. “మీరు చూడలేదు కదా?”

“చూడలేదండీ,” అన్నది టీచరు తలవంచుకుని.

“అనుకున్నాను. సర్లెండి, ఎక్కండి. ఇంటిదాకా నేనే పోనిస్తాను. ఆ అబ్బాయిని వెనకాలే రమ్మనండి. పాపం మీ నాన్నగారు గేటు పట్టుకుని ఇంకా వానలోనే నిలబడి ఉన్నారు.”